ప్లస్-మైనస్ పక్కన ఏ నంబరు వేయాలి? అనిశ్చితి లెక్కగట్టే పద్ధతిని పరీక్షించడం ఎలా

ఫిజిక్స్ ల్యాబ్‌లో ఏటా ఇదే ప్రశ్న. "సార్, సగటు వచ్చింది. ప్లస్-మైనస్ పక్కన ఏం రాయాలి?" ఇంటర్‌లో సగటు పరమ దోషం నేర్చుకున్నవాళ్లు అది వేస్తారు. డిగ్రీకి వచ్చాక ప్రామాణిక విచలనం వేస్తారు. పైథాన్ పట్టుబడ్డవాళ్లు బూట్‌స్ట్రాప్ (ఉన్న రీడింగుల్లోంచే మళ్లీ మళ్లీ తీసి లెక్కించే కంప్యూటర్ పద్ధతి) అంటారు. ఒకే రీడింగుల నుంచి ఒక్కొక్కరికి ఒక్కో జవాబు వస్తుంది. ఎవరిది సరైనదని అడిగితే, "పుస్తకంలో ఇలాగే ఉంది" అంటారు తప్ప ఇంకో ఆధారం చూపరు.

లఘులోలకం ప్రయోగాన్నే తీసుకుందాం. పొడవు ఒక మీటరు. 20 డోలనాలకు పట్టిన కాలం ఐదు సార్లు కొలిస్తే సెకన్లలో ఇలా వచ్చిందనుకోండి: 40.12, 40.31, 40.05, 40.22, 40.19. సగటు 40.178. ప్రామాణిక విచలనం 0.099. ఇక ప్లస్-మైనస్:

- సగటు పరమ దోషం పద్ధతి: 0.074
- గరిష్ఠ, కనిష్ఠ రీడింగుల తేడాలో సగం: 0.13
- ప్రామాణిక విచలనాన్ని √5 తో భాగించి 1.96 (95 శాతం హద్దుకు మామూలుగా వాడే గుణకం) తో గుణిస్తే: 0.087
- అదే భాగహారం చేసి స్టూడెంట్ టీ పట్టిక (కొద్ది రీడింగుల కోసం తయారైన గుణకాల పట్టిక) లోని 2.776 తో గుణిస్తే: 0.123
- బూట్‌స్ట్రాప్‌తో వచ్చిన విచలనాన్ని 1.96 తో గుణిస్తే: 0.077 దగ్గర

చిన్నదానికీ పెద్దదానికీ దాదాపు రెండింతల తేడా ఉంది. ఈ ఐదు రీడింగులను ఎంతసేపు చూసినా ఏది సరైనదో తేలదు, ఎందుకంటే అసలు విలువ మన దగ్గర లేదు. కొత్త కాటా నిజం చెబుతోందో లేదో చూడాలంటే కూరగాయలు తూచం కదా, ముద్ర వేసిన కిలో రాయి పెట్టి చూస్తాం. గణాంక పద్ధతికీ అలాంటి రాయి కావాలి. అసలు విలువ ముందే తెలిసిన డేటాను మనమే తయారుచేసి పద్ధతికి ఇస్తాం. "95 శాతం" అని చెప్పుకునే పద్ధతి నూటికి ఎన్నిసార్లు ఆ విలువను తన హద్దుల్లో పట్టుకుందో లెక్కపెడతాం. ఈ లెక్కకు కవరేజ్ అని పేరు. మిగతా పరీక్షలన్నీ దీని తర్వాతే.

ఏమేం కావాలి

ఎక్సెల్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ ఉన్న కంప్యూటరు చాలు. పైథాన్, అందులో లెక్కలకు వాడే నమ్‌పై వస్తే పని తొందరగా అవుతుంది. కానీ అవి రావని ఈ పని మానేయకండి.

మీ ప్రయోగంలో ఒకే మనిషి, ఒకే స్టాప్‌వాచ్‌తో తీసిన కనీసం 30 రీడింగులు కావాలి. ఇవి ఫలితం కోసం కాదు, మీ చేతి చెదురు (రీడింగు రీడింగుకూ వచ్చే తేడా) ఎంతో తెలుసుకోవడానికి. ఐదు రీడింగులతో తీసిన ప్రామాణిక విచలనంలోనే సుమారు 36 శాతం అనిశ్చితి ఉంటుంది. 30 తీస్తే అది 13 శాతానికి దిగుతుంది.

వాడే పరికరాల లీస్ట్ కౌంట్ (పరికరం చూపగల అతి చిన్న కొలత), మీ ఊళ్లో జీ (గురుత్వ త్వరణం) అసలు విలువ కూడా రాసి పెట్టుకోండి. హైదరాబాద్‌కు అక్షాంశం, ఎత్తు కలిపి లెక్కిస్తే సుమారు 9.783 మీ./సె² వస్తుంది. విశాఖ సముద్రమట్టంలో ఉంది కాబట్టి అక్కడ సుమారు 9.785. పుస్తకంలోని 9.81 తో పోల్చుకుని "0.03 తేడా వచ్చింది" అని దిగులుపడేవాళ్లు ఎక్కువ. ఆ తేడాలో చాలా భాగం మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిందే.

అంచెలవారీగా

1. పద్ధతి ఏం మాట ఇస్తోందో ముందు రాయండి.

"ప్లస్-మైనస్ 0.087" అన్నది సగం మాటే. అది ప్రామాణిక అనిశ్చితా, 95 శాతం హద్దా? ఒక్క రీడింగుకా, సగటుకా? ఈ రెండూ కాగితం మీద పెట్టకుండా పరీక్ష మొదలుపెట్టకండి. సగటు పరమ దోషంతో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అది ఎంత శాతానికి హామీ ఇస్తుందో ఏ రికార్డులోనూ ఎవరూ రాయరు.

కొలతల అనిశ్చితికి 1993లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శి ఈ లెక్కలను రెండు రకాలుగా విడదీసింది. మళ్లీ మళ్లీ కొలిచి గణాంకాలతో తీసేది ఎ రకం. లీస్ట్ కౌంట్, పరికరం సర్టిఫికెట్, అనుభవం వంటి వాటి నుంచి తీసేది బి రకం. లోలకంలో కాలం ఎ రకం, పొడవు చాలావరకు బి రకం. రెండింటినీ పరీక్షించాలి.

2. మీ ప్రయోగానికి నకలు తయారుచేయండి.

అసలు జీ 9.783, పొడవు 1.000 మీటరు అనుకుంటే 20 డోలనాల అసలు కాలం 40.177 సెకన్లు. ఇదే మన కిలో రాయి. దీనికి మీ 30 రీడింగుల నుంచి వచ్చిన చెదురు కలపాలి. మన ఉదాహరణకు 0.1 సెకను తీసుకుందాం.

ఎక్సెల్‌లో ఒక వరుసను ఒక ప్రయోగంగా పెట్టుకోండి. మొదటి ఐదు గళ్లలో "40.177 + సగటు 0, విచలనం 0.1 ఉన్న నార్మల్ యాదృచ్ఛిక సంఖ్య" వచ్చే ఫార్ములా పెట్టండి. నార్మల్ అంటే సగటు దగ్గర ఎక్కువగా, దూరంగా తక్కువగా వచ్చే గంట ఆకారపు చెదురు. ర్యాండ్ ఫంక్షన్‌ను నార్మల్ ఇన్వర్స్ ఫంక్షన్‌లో పెడితే ఆ సంఖ్య వస్తుంది. ఆరో గడిలో సగటు, ఏడో గడిలో ప్రామాణిక విచలనం, ఎనిమిదో గడిలో మీ పద్ధతి చెప్పే ప్లస్-మైనస్. తొమ్మిదో గడిలో, సగటుకూ 40.177 కూ మధ్య తేడా ఆ ప్లస్-మైనస్ లోపల ఉంటే 1, లేకపోతే 0. ఈ వరుసను 10,000 వరుసల దాకా కిందికి లాగండి.

హెచ్చరిక: పద్ధతికి 0.1 అన్న సంఖ్య తెలియకూడదు. ఎనిమిదో గడి తన వరుసలోని ఐదు రీడింగులనే చూడాలి. అసలు విచలనాన్ని ఫార్ములాలోకి పంపితే ఏ పద్ధతికైనా మార్కులు పడతాయి. అది పరీక్ష కాదు.

పొడవులోని దోషాన్ని కలిపేటప్పుడు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. స్కేలు తప్పు చూపిస్తే ఆ ప్రయోగం మొత్తం అదే తప్పు చూపిస్తుంది. కాబట్టి పొడవు దోషాన్ని వరుసకు ఒక్కసారే తీయాలి, రీడింగు రీడింగుకూ కొత్తగా తీయకూడదు. అలా తీస్తే ఐదు రీడింగుల సగటులో అది అరిగిపోయి, స్కేలు దోషం నిజంగా ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో చెడిపోయే నకళ్లు చాలా ఉంటాయి.

3. ముందు మీ నకలు సరిగ్గా ఉందో లేదో చూడండి.

దీనికి చేతి లెక్కతో తేలిన జవాబులున్నాయి. రీడింగులు ఐదు, చెదురు నార్మల్ అయితే, 1.96 పద్ధతి 87.8 శాతం సార్లే పట్టుకోవాలి. టీ పట్టిక పద్ధతి 95.0 శాతం పట్టుకోవాలి. 10,000 వరుసల లెక్కలో టీ పద్ధతికి 0.4, 1.96 పద్ధతికి 0.7 శాతం అటూ ఇటూ సహజం. 1,000 వరుసలే చేస్తే టీ పద్ధతికి 1.4, 1.96 పద్ధతికి 2 శాతం వరకూ ఊగుతుంది. అంతకంటే దూరంగా వస్తే పద్ధతిని తప్పుబట్టే ముందు మీ షీటు వెతకండి.

ఎక్కువసార్లు దొరికే తప్పు ప్రామాణిక విచలనం ఫంక్షన్‌లో ఉంటుంది. ఎక్సెల్‌లో అది రెండు రకాలు: నమూనాది, మొత్తం జనాభాది. మనకు కావలసింది నమూనాది, అంటే 5 తో కాకుండా 4 తో భాగించేది. నమ్‌పైలో ఏమీ చెప్పకుండా వదిలేస్తే 5 తోనే భాగిస్తుంది. మీ 1.96 కవరేజ్ 87.8 బదులు 84.5 వచ్చిందంటే ఈ తప్పే చేశారు.

4. పద్ధతులన్నింటినీ ఒకే డేటా మీద నడిపించండి.

ఒక్కో పద్ధతికి వేరే యాదృచ్ఛిక సంఖ్యలు వాడితే చిన్న తేడాలు కనబడవు. అవే 10,000 వరుసల పక్కన ఇంకో రెండేసి గళ్లు చేర్చండి. ఎక్సెల్‌లో ఏ గడి మార్చినా సంఖ్యలన్నీ మారిపోతాయి. అందుకని ముందే వాటిని కాపీ చేసి "విలువలు మాత్రమే" పేస్ట్ చేసుకోండి. పైథాన్‌లో అయితే సీడ్ (ప్రతిసారీ అవే యాదృచ్ఛిక సంఖ్యలు వచ్చేలా చేసే సంఖ్య) పెట్టుకోండి.

రీడింగుల సంఖ్య మార్చి మార్చి కూడా చూడాలి. ఇది తప్పనిసరి. ఎందుకో ఈ ఫలితాలు చూస్తే తెలుస్తుంది:

- 1.96 పద్ధతి: మూడు రీడింగులకు 81 శాతం, ఐదింటికి 88, పదింటికి 92.
- టీ పద్ధతి: ఎన్నింటికైనా 95.
- సగటు పరమ దోషం: మూడింటికి 67 దగ్గర, ఐదింటికి 84 దగ్గర, ఇరవైకి 99 పైనే.
- గరిష్ఠ-కనిష్ఠ తేడాలో సగం: మూడింటికి 76 దగ్గర, ఐదింటికి 95 దగ్గర, పదింటికి 99 పైనే.

చివరి వరుసను మళ్లీ చూడండి. సరిగ్గా ఐదు రీడింగుల దగ్గర పరీక్షించి ఊరుకున్నవాళ్లకు ఇది టీ పద్ధతికి సాటి అనిపిస్తుంది. అది ఆ ఒక్క సంఖ్య దగ్గర కుదిరిన సంగతి మాత్రమే. రీడింగులు పెంచుతున్నకొద్దీ గరిష్ఠ-కనిష్ఠ తేడా పెరుగుతుందే గానీ తగ్గదు. ఎక్కువ కష్టపడి కొలిచినవాళ్లకు ఎక్కువ అనిశ్చితి చూపించే పద్ధతిని నేనైతే దగ్గరికి రానివ్వను.

సగటు పరమ దోషానిదీ ఇదే లోపం. రీడింగులు ఎన్ని పెంచినా అది సుమారుగా అక్కడే నిలబడుతుంది, కానీ సగటు మాత్రం మెరుగవుతూ పోతుంది. కాబట్టి దానికి స్థిరమైన అర్థం లేదు. పరీక్ష పేపరులో అడిగితే రాయండి, మార్కులు పోగొట్టుకోకండి. కొలత మీద నిర్ణయం తీసుకోవాల్సిన చోట మాత్రం వాడకండి.

బూట్‌స్ట్రాప్ గురించి ఎక్కువమంది అడుగుతారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ ప్రతిపాదించిన ఈ పద్ధతి పెద్ద డేటాకు, చిక్కు ఫార్ములాలకు నిజంగా గొప్పది. ఉన్న రీడింగుల నుంచే మళ్లీ మళ్లీ చీటీలు తీసినట్టు తీసి, ప్రతిసారీ సగటు కట్టి, ఆ సగటుల చెదురు చూస్తుంది. కానీ ఐదు రీడింగుల నుంచి తీయగల వేర్వేరు కలయికలు 126 మాత్రమే. పది వేలసార్లు తీసినా, లక్షసార్లు తీసినా ఆ 126 లోనే తిరుగుతుంటాం. పైగా దాని విచలనం 4 బదులు 5 తో భాగించినట్టే వస్తుంది, అంటే పదకొండు శాతం దాకా తక్కువ. 1.96 తో కలిపి వాడితే కవరేజ్ 84.5 దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ లక్షసార్లు తిప్పిందని రీడింగులు ఐదు నుంచి లక్ష కావు. రీడింగులు ఇరవై ముప్పై దాటితేనే దీని జోలికి వెళ్లండి.

స్టూడెంట్ టీ సరిగ్గా ఈ అవసరం కోసమే పుట్టింది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు ఫ్యాక్టరీలో పనిచేసిన విలియం గాసెట్ దగ్గర ఎప్పుడూ కొద్ది నమూనాలే ఉండేవి. వాటితో నమ్మదగ్గ నిర్ణయం ఎలా అన్న బాధలోంచి 1908లో "స్టూడెంట్" అన్న మారుపేరుతో ఆ పట్టిక వచ్చింది. మన ల్యాబ్ పరిస్థితీ అదే.

5. వెడల్పు చూడండి.

కవరేజ్ ఒక్కటే చూస్తే మోసపోతాం. "జీ 5 కీ 15 కీ మధ్య ఉంది" అని చెప్పే పద్ధతికి నూటికి నూరు మార్కులు వస్తాయి. కాబట్టి ముందు కవరేజ్‌లో పాసైన పద్ధతులనే ఎంచుకోండి. వాటిలో సగటు వెడల్పు ఎవరిది తక్కువో చూడండి. ఈ వరుస తిరగేయకండి. ఇరుకైన హద్దు చూడగానే మనసు దానివైపే పోతుంది.

రెండూ ఒకే సంఖ్యలో కావాలంటే ఇలా చేయండి. ప్రతి వరుసకూ హద్దు మొత్తం వెడల్పు రాయండి. అసలు విలువ బయట పడితే, అది ఎంత దూరంలో పడిందో దానికి 40 రెట్లు కలపండి. (95 శాతానికి 40. 90 శాతం హద్దులకైతే 20.) సగటు ఎవరిది తక్కువైతే వాళ్లు మెరుగు.

ఎంత వరకు ఇరుకుగా పోవచ్చన్నదానికి గట్టి హద్దు ఉంది. 1945లో కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు, ఒకే పక్కకు ఒరగని (నిష్పాక్షిక) అంచనా ఏదైనా ఒక కనిష్ఠ విచలనం కన్నా కిందికి పోలేదని చూపించారు. దాన్ని ఇప్పుడు ప్రపంచమంతా క్రామెర్-రావు హద్దు అంటుంది. చెదురు నార్మల్ అయితే సాదా సగటు ఆ హద్దును అందుకుంటుంది. ఐదు రీడింగుల మధ్యగతం వాడితే విచలనం 20 శాతం ఎక్కువ. మీ పద్ధతి ఆ హద్దు కన్నా ఇరుకైన జవాబు ఇస్తుంటే సంబరపడకండి, ఎక్కడో తప్పుంది.

6. ఇప్పుడు నకలును కావాలని పాడుచేయండి.

ఇంతదాకా చెదురు చక్కగా నార్మల్ అనుకున్నాం. నిజం ల్యాబ్‌లో అలా ఉండదు. అసలు పరీక్ష ఇదే, ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. మీ ప్రయోగంలో జరగడానికి వీలున్నవి ఒక్కొక్కటిగా చొప్పించి కవరేజ్ ఎంత పడిపోతుందో చూడండి.

అంటుకున్న రీడింగులు: చేయి అలసిపోయేకొద్దీ బటన్ నొక్కడం ఆలస్యమవుతుంది. ఒక రీడింగు ఎక్కువొస్తే పక్కదీ ఎక్కువొచ్చే అవకాశం ఉంటుంది. ప్రతి దోషంలోనూ ముందుదానిలో సగం కలిపి నకలు తయారుచేయండి. ఇలా ఉంటే ఎక్కువ రీడింగులు తీసినా అవి మూడో వంతు రీడింగులతో సమానం. 95 శాతం అని చెప్పిన హద్దు 74 దగ్గరికి జారిపోతుంది. టీ పట్టిక, బూట్‌స్ట్రాప్ రెండూ ఇక్కడ చేతులెత్తేస్తాయి, ఎందుకంటే రెండూ రీడింగులు దేనికది స్వతంత్రం అని నమ్ముతాయి. మందు లెక్కలో లేదు, ప్రయోగంలో ఉంది: రీడింగుల మధ్య విరామం ఇవ్వండి, కొలిచే మనిషిని మార్చండి, వేర్వేరు పొడవులను కలగాపులగంగా కొలవండి. నిజం రీడింగులను తీసిన వరుసలోనే గ్రాఫ్ గీసి చూడండి. మెట్లలా ఎక్కుతూ, దిగుతూ కనిపిస్తే ఈ జబ్బు ఉన్నట్టే.

తప్పిపోయిన రీడింగు: ఇరవైలో ఒకటి అర సెకను ఆలస్యంగా వచ్చేలా పెట్టండి. సగటు ఎంత లాగబడుతుందో, మధ్యగతం ఎంత నిలబడుతుందో కనిపిస్తుంది. మధ్యగతం వాడితే రీడింగుల చెదురుకు, మధ్యగతం నుంచి దూరాల మధ్యగతాన్ని తీసుకుని 1.48 తో గుణించండి. రీడింగు నచ్చలేదని కొట్టేయడానికి మాత్రం ఇది అనుమతి కాదు. కొట్టేస్తే కారణం రికార్డులో రాయాలి.

మొరటు లీస్ట్ కౌంట్: స్టాప్‌వాచ్ బదులు సెకను ముల్లున్న గోడ గడియారం వాడామనుకోండి. ఐదు రీడింగులూ 40 వస్తాయి. విచలనం సున్నా, ఏ గణాంక పద్ధతైనా అనిశ్చితి సున్నా అంటుంది. డిజిటల్ త్రాసులతో రోజూ జరిగేది ఇదే. అలాంటప్పుడు లీస్ట్ కౌంట్‌ను 0.29 తో గుణించి వచ్చింది బి రకం ప్రామాణిక అనిశ్చితిగా కలపాలి. అది హద్దులోపల ఎక్కడైనా సమానంగా ఉండొచ్చన్న లెక్కతో వచ్చిన సంఖ్య.

వంకర ఫార్ములా: జీకి వెళ్లాలంటే కాలాన్ని వర్గం చేసి భాగించాలి. కాలం అనిశ్చితి కొద్ది శాతంలోపు ఉంటే మామూలు దోష వ్యాప్తి సూత్రం (కొలతల శాతం దోషాలను ఫలితంలోకి చేర్చే సూత్రం), మాంటే కార్లో (యాదృచ్ఛిక విలువలను వేలసార్లు ఫార్ములాలో వేసి ఫలితాల చెదురు చూసే పద్ధతి) రెండూ ఒకే జవాబు ఇస్తాయి. మన లోలకంలో అది 0.1 శాతమే కాబట్టి మాంటే కార్లో అక్కర్లేదు. అదే కాలంలో 10 శాతం అనిశ్చితి ఉంటే కథ మారుతుంది. 95 శాతం హద్దులకు సూత్రం ప్లస్-మైనస్ 39 శాతం అంటుంది. మాంటే కార్లో కిందికి 30, పైకి 55 శాతం అని చూపిస్తుంది. హద్దులు రెండువైపులా సమానంగా లేనప్పుడు సూత్రం పనికిరాదు. అసలు విలువ ఏ వైపు నుంచి ఎక్కువసార్లు జారిపోతోందో విడిగా లెక్కపెడితే ఈ వంకర బయటపడుతుంది.

మాంటే కార్లో వాడేవాళ్లకు ఒక మాట. కొద్ది రీడింగుల నుంచి వచ్చిన విచలనాన్ని నార్మల్‌గా లోపలికి పంపితే 1.96 పద్ధతి తప్పే మళ్లీ తిరిగొస్తుంది. 2008లో వచ్చిన అంతర్జాతీయ అనుబంధం చెప్పినట్టు, అక్కడ టీ వితరణ (టీ పట్టిక వెనకున్న చెదురు) పంపాలి.

7. నిజం కొలతకు తిరిగి రండి.

పొడవులో ప్లస్-మైనస్ 1 మిల్లీమీటరు హద్దు పెట్టుకుంటే √3 తో భాగించి 0.58 మిల్లీమీటర్లు, అంటే 0.058 శాతం. కాలంలో 0.11 శాతం. కాలం వర్గంగా ఉంది కాబట్టి 0.22. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 0.23 శాతం. జీ 9.782, ప్రామాణిక అనిశ్చితి 0.022. దాదాపు మొత్తం ఐదు రీడింగుల కాలం నుంచే వచ్చింది కాబట్టి 95 శాతానికి 2 తో కాకుండా 2.78 తో గుణించాలి. అది 0.062. రికార్డులో 9.78 ± 0.06 మీ./సె², 95 శాతం, ఐదు రీడింగులు అని రాయండి.

హైదరాబాద్ విలువ 9.783 కి ఇది చాలా దగ్గరగా ఉంది. దాన్ని చూసి పద్ధతి గొప్పదనుకోకండి. 0.02 వరకు ఊగే కొలత 0.001 దగ్గరికి రావడం ఆ ఒక్కసారి కుదిరిందంతే. ఒక్క ఫలితంతో ఏ పద్ధతీ పాస్ కాదు, ఫెయిల్ కాదు.

క్లాసులో 30 బ్యాచ్‌లు ఉంటే మంచి అవకాశం. అందరి హద్దుల్లో 9.783 ఎన్నింటిలో పడిందో చూడండి. 28 కి అటూ ఇటూ ఉండాలి. 20 లోనే పడితే అనిశ్చితిని తక్కువ చూపుతున్నారు. ప్రతి బ్యాచ్ తేడాను ఆ బ్యాచ్ చెప్పిన ప్రామాణిక అనిశ్చితితో భాగించి, వర్గం చేసి, సగటు తీయడం ఇంకో పరీక్ష. ఇది 1 రావాలని చాలాచోట్ల రాస్తారు. ఐదేసి రీడింగులతో తీసిన అనిశ్చితికి అది 2 దగ్గర ఉండాలి. ఇది తెలియక మంచి బ్యాచ్‌లను తప్పుపట్టకండి.

గణాంకాలకు కనిపించని తప్పులు

ఐదు రీడింగులనూ ఒకే పక్కకు నెట్టే దోషం ఏ పద్ధతికీ కనబడదు. లోలకంలో ఇవి వెతకండి:

డోలనాలు లెక్కపెట్టేటప్పుడు బటన్ నొక్కుతూ "ఒకటి" అనడం. అప్పుడు నిజానికి 19 డోలనాలే కొలుస్తారు. జీ 10.84 వస్తుంది, అయినా ప్లస్-మైనస్ చాలా చిన్నగా, అందంగా ఉంటుంది. బటన్ నొక్కేటప్పుడు "సున్నా" అనండి.

గోళం వ్యాసార్ధం మర్చిపోవడం. ఒక సెంటీమీటరు వదిలేస్తే జీ ఒక శాతం, అంటే 0.1 తగ్గుతుంది. ఇది మన 95 శాతం హద్దు కన్నా పెద్దది.

ఎక్కువ కోణం ఊపడం. 5 డిగ్రీలకు జీలో 0.1 శాతం లోపే తేడా. 10 డిగ్రీలకు 0.4 శాతం. 20 డిగ్రీలకు 1.5 శాతం. ఎప్పుడూ జీ తక్కువే చూపిస్తుంది.

వీటిలో వ్యాసార్ధం తప్పుకు మందు ఐదారు వేర్వేరు పొడవులతో కొలిచి, పొడవును అడ్డంగా, కాలం వర్గాన్ని నిలువుగా గ్రాఫ్ గీయడం. వ్యాసార్ధం మర్చిపోతే గీత మూలబిందువు గుండా పోదు, వాలు మాత్రం చెడదు. అందుకే గీతను బలవంతంగా మూలబిందువు గుండా లాగకండి. అలా లాగితే దాగిన దోషం వాలులోకి, అక్కడి నుంచి జీలోకి వెళ్లిపోతుంది.

ఇది విద్యార్థుల సమస్యే అనుకోకండి. విశ్వ గురుత్వ స్థిరాంకాన్ని ప్రపంచంలోని మంచి ల్యాబ్‌లు కొలిచిన విలువలు, వాళ్లు చెప్పుకున్న అనిశ్చితులకు మించి ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. 2018 సర్దుబాటులో కోడాటా కమిటీ (భౌతిక స్థిరాంకాలకు సిఫార్సు విలువలు ఇచ్చే అంతర్జాతీయ కమిటీ) ఆ అనిశ్చితులన్నింటినీ 3.9 రెట్లు పెంచితే గానీ అవి ఒకచోట కుదరలేదు.

తరచూ చేసే పొరపాట్లు

- ఒక్క రీడింగు చెదురును సగటు చెదురుగా రాయడం, లేదా √5 తో రెండుసార్లు భాగించడం.
- 20 డోలనాల అనిశ్చితిని 20 తో భాగించకుండా ఒక డోలనానికి వేయడం.
- గోళం చివర ఆగినప్పుడు బటన్ నొక్కడం. అక్కడ అది మెల్లగా కదులుతుంది, ఎప్పుడు తిరిగిందో కంటికి తెలియదు. అడుగున గుర్తు పెట్టి, దాన్ని దాటేటప్పుడు నొక్కండి.
- అందరూ ఒకే మీటరు స్కేలు వాడి, 30 బ్యాచ్‌ల సగటుకు పొడవు అనిశ్చితిని √30 తో భాగించడం. స్కేలు తప్పు అందరిదీ ఒకటే, అది తగ్గదు.
- 9.7824 ± 0.0619 అని రాయడం. అనిశ్చితికి ఒకటి, మహా అయితే రెండు అంకెలు చాలు.
- ఐదు పద్ధతులూ చేసి, చివరికి 9.783 కలిసొచ్చినదాన్ని ఎంచుకోవడం. పద్ధతిని నకలు మీద ఎంచుకుని, పేరు రికార్డు మొదటి పేజీలో రాసి, ఆ తర్వాతే నిజం రీడింగులు తెరవండి.

సమయం లేనివాళ్లకు: రీడింగులు పది లోపుంటే టీ పట్టిక, బి రకం ఉంటే వర్గాలు కలిపి వర్గమూలం, ఫార్ములా బాగా వంకరైతే టీ వితరణతో మాంటే కార్లో. ఈ మూడూ చాలా ప్రయోగాలకు సరిపోతాయి. అయినా మీ రీడింగుల వరుస గ్రాఫ్ మాత్రం గీయండి. దానికి పట్టేది ఐదు నిమిషాలే, అంటుకున్న రీడింగులను మీ అంతట మీరు పట్టుకోగల చోటు అదే.